తడిపితే కనిపించే ఎరుపు

లక్సెట్టిపేట
7 అక్టోబరు 1962, ఆదివారం

చుట్టాలందరూ పోయారు. ఇల్లంతా ఇంకా వాళ్ల వాసనే. బీడీలు, ఆరని ధోవతులు, పులిసిన పప్పు. రేపు దసరా. పక్కింటివాళ్లు గోడలకు సున్నం వేసుకుంటున్నారు. మాకు ఈసారి పండుగ లేదు కాబట్టి నాకా చాకిరీ తప్పింది. బాపు చచ్చిపోయి నాకు చేసిన మేలు అదొక్కటే. రాసి చదువుకుంటే నాకే రోతగా ఉంది. కొట్టివేయను. ఈ ఇంట్లో అక్షరం వచ్చినవాణ్ని నేనొక్కణ్నే. కన్న అవ్వకూ రాదు, పెళ్లాం గంగుబాయికీ రాదు. బడి మాస్టరునై ఉండి తొమ్మిదేళ్లలో పెళ్లానికి ఓనమాలు నేర్పలేదు. ఇప్పుడది కలిసివచ్చింది.

పదోనాడు గోదావరి ఒడ్డున పిట్ట ముట్టలేదు. విస్తరి పెట్టి ఎండెక్కేదాకా కూర్చున్నాం. కాకులు లేక కాదు. తుమ్మచెట్టు నిండా ఉన్నాయి. ఒక్కటీ దిగలేదు. చుట్టాలు ఒక్కొక్కరే లేచి చేతులు జోడించి "నీ పెండ్లాన్ని మంచిగ సూసుకుంటం భూమన్నా", "నీ కొడుకుకు ఏ కష్టం రానియ్యం భూమన్నా" అని విస్తరికి మాటలిచ్చారు. బతికుండగా ఆయనకు ఒక్క పూట కల్లు పోయించనివాళ్లు. చివరికి కర్మ చేయించే అయ్యగారికి ఆకలై, దర్భతో కాకిని చేసి, దాని ముక్కును మెతుకులకు తాకించి లేచాడు. గడ్డి కాకి తిన్నదట. మేం నమ్మాలట.

అవ్వ నమ్మలేదు. ఇంటికి వచ్చి గడపలోనే కూర్చుంది.

"ఆయినకేదో కోరిక మిగిలింది బిడ్డా. పిట్ట ముట్టేదాక నేను ఒక్కపూటనే తింట" అన్నది.

"గట్లయితే ఎన్నొద్దులుంటవ్ అత్తా?" అని గంగుబాయి అడిగింది.

నది దగ్గర ఒక రాయి దొరికింది. ఎరుపు. నడుమ తెల్లగీత. మంచి రాయి. నా రాళ్ల డబ్బాలో వేశాను.

9 అక్టోబరు

రాయిని తడిపి చూశాను.

10 అక్టోబరు

మళ్లీ చూశాను.

14 అక్టోబరు, ఆదివారం

పెట్టెలోంచి నా బొమ్మలన్నీ తీసి చాప మీద పరిచాను. డ్రాయింగు పరీక్ష ప్యాసై పదకొండేళ్లు. కుండ ఎత్తుకున్న ఆడపిల్లలు తొమ్మిదిమంది. తొమ్మిదిమందికీ ఒకటే ముక్కు. అది కిరాణా కొట్టు క్యాలెండరు మీది ముక్కు. తామరపూలు లెక్కలేనన్ని. నేను బతుకులో తామరపూవును దగ్గరగా చూసింది లేదు. పిల్లలు బళ్లో నా బొమ్మ చూసి "మంచిగున్నది సార్" అంటే ఇంతకాలం మురిసిపోయాను.

బాపును తిట్టేవాణ్ని, అరవై ఏళ్లు ఒకటే ముఖం వేశావని. ఆయన వేసే కథల పటం అంటే నాకు చిన్నప్పటి నుంచీ కంపరమే. గుడ్డకు గంజి, గంజి మీద సుద్ద, సుద్ద మీద చింతగింజల జిగురు. ఆ జిగురు ఉడికే వాసన నా అంగీలకు పట్టి బళ్లో నన్ను జిగురోడా అని పిలిచేవాళ్లు. పన్నెండో ఏట హాస్టలుకు పోయాను. మళ్లీ ఆయన రంగుల సంచి ముట్టుకోలేదు. ఆయన వేసేది కథలు చెప్పుకుని తిరిగేవాళ్ల కోసం. నేను వేసేది ఆర్టు. తొమ్మిది ముక్కుల ఆర్టు.

రాళ్లు మాత్రం ఆరేళ్లుగా ఏరుతున్నాను. ప్రతి ఆదివారం గోదావరికి పోయి, ఇసుకలో వంగి వంగి నడిచి, ఒకటో రెండో తెచ్చి కిరసనాయిలు డబ్బాలో వేస్తాను. నలభైకి పైనే ఉన్నాయి. బళ్లో వెనక బెంచీలవాళ్లు రాళ్ల సారు అంటారని తెలుసు. ఎందుకు ఏరుతున్నానో నాకే తెలియదు. ఒక దానిలో మబ్బు పట్టిన చెరువు ఉన్నట్టుంటుంది, ఒక దానిలో కాలిన అడవి. ఒక్కదాన్నీ కాగితం మీదికి తేలేకపోయాను. తేవాలని కూర్చుంటే చెయ్యి దానంతటదే తామరపూవు వైపు పోతుంది.

ఈ ఎర్రరాయి అట్లా కాదు.

21 అక్టోబరు

నిన్న చైనా యుద్ధం మొదలైందని హెడ్మాస్టరు గారి రేడియో చెప్పింది. ఆయన గుంటూరు వైపు మనిషి. నన్ను పిలిచి, "అంబదాసు గారూ, జవాను బొమ్మ ఒకటి పెద్దగా వెయ్యండి. తుపాకీ బాగా కనపడాలండీ" అన్నాడు. వేశాను. జవానుకు కూడా అదే ముక్కు వచ్చింది. అందరూ మెచ్చుకున్నారు.

సాయంత్రం రాయి ముందు కూర్చున్నాను. పిడికిట్లో పట్టేంత రాయి. ఎండితే ఉత్త ఇటుకపెంకు, ఎవరూ వంగి తీసుకోరు. నీళ్లు చల్లితే లోపల్నుంచి ఎరుపు పైకి వస్తుంది, అప్పుడే కోసిన కండలాగా. తెల్లగీత కింద అంచు నుంచి బయలుదేరి, సగం దాకా తిన్నగా వచ్చి తెగుతుంది. ఒక వేలెడు ఖాళీ. మళ్లీ పక్కకు జరిగి మొదలై పై అంచు దాకా పోతుంది. ఆ ఖాళీలో ఏమీ లేదు. ఎరుపు ఒక్కటే. నేను వేయవలసింది ఆ ఖాళీని. ఇంత స్పష్టంగా ఏదీ నాకు ఎన్నడూ తెలియలేదు.

క్యాన్వాసు ఈ ఊళ్లో దొరకదు. బాపు పూత పూసి చుట్టి పెట్టిన గుడ్డ ఒక మూర మిగిలి ఉంటే తీసుకున్నాను. చింతగింజల వాసన. ముక్కుకు తువ్వాలు కట్టుకుని మొదలుపెట్టాను.

అవ్వ ఇవాళ పిట్ట కోసం పెరటి గోడ మీద మాంసం తునకల కూర పెట్టింది. పిట్ట ముట్టలేదు. మొన్న కల్లు పెట్టింది. అంతకు ముందు సర్వపిండి రొట్టె.

28 అక్టోబరు

నిన్న దీపావళి. ఊరంతా దీపాలు, మా ఇంట్లో ఒక్కటే. నిజం రాయకపోతే ఈ పుస్తకం దేనికి?

రాయి నదిలో దొరకలేదు.

మొదటిరోజు ఒడ్డున అయ్యగారు గుడ్డలోంచి తీసి నా ముందు పెట్టిన రాయి అది. పది రోజులు అదే మీ బాపు అన్నాడు. రోజూ దాని మీద నువ్వులనీళ్లు పోయమన్నాడు. పోశాను. పోసిన ప్రతిసారీ నా వేళ్ల సందుల్లోంచి ఎర్రనీళ్లు కారాయి, తెల్లగీత మెరిసింది. వెనక అవ్వ ఏడుస్తున్నది. గంగుబాయి ఏడుస్తున్నది. నేను రంగు చూస్తున్నాను. నాలుగో రోజుకల్లా ఎప్పుడు తెల్లవారుతుందా, ఎప్పుడు నీళ్లు పోస్తానా అని చూశాను. అందరూ కొడుకు ఎంత శ్రద్ధగా చేస్తున్నాడో అనుకున్నారు.

పదోనాడు మోకాలి లోతు నీళ్లలో నిలబెట్టి, రాయిని భుజం మీది నుంచి వెనక్కి వేసి తిరిగి చూడకుండా ఒడ్డుకు రమ్మన్నాడు. తిరిగి చూస్తే పోయినవాడు వెంట వస్తాడట. అందరూ నీళ్లకు వీపు పెట్టి నిలబడ్డారు. నేను వంగి కాలి కింది రాయి ఒకటి తీసి దాన్ని వేశాను. ఇది ధోవతి మడతలో ఉంది. ఎవరూ చూడలేదు. ఎవరూ చూడకూడదు కదా.

నాకు ఈ నమ్మకాలేవీ లేవు. రాయి రాయే. పిట్ట ముట్టకపోవడం రాయి వేయడానికి ముందే జరిగింది, కనుక దీనికీ దానికీ సంబంధం లేదు. ఇది నేను రోజూ చెప్పుకుంటున్నాను. అవ్వ మెడ దగ్గర ఎముకలు తేలాయి.

6 నవంబరు

చొప్పదండి వైపు నుంచి హనుమండ్లు వచ్చాడు. తాతల నాటి నుంచి పటం పట్టి ఎల్లమ్మ కథ చెప్పే మనిషి. బాపు బతికుండగా కొత్త పటం వేయమన్నాడు, కల్లాలయ్యాక దానితో ఊళ్లు తిరగాలి. బాపు అంతా వేశాడు, ఎల్లమ్మ కళ్లు మాత్రం మిగిలాయి. కళ్లు ఎప్పుడూ చివరే కదా. చెయ్యి వణకడం మొదలై ఆపేశాడు.

అవ్వ ముఖం వెలిగింది. "గిదే కొడుకా! గిదే ఆయిన కోరిక. కండ్లు తెరువకుంట పోయిండు. నువ్వు తెరువు."

అరుగు మీద బాపు రంగుల సంచి తెచ్చి విప్పింది. ఇరవై ఏళ్ల తర్వాత చూశాను. కొబ్బరి చిప్పలు, ఉడుత వెంట్రుకల కుంచెలు, గుడ్డముక్కల్లో కట్టిన రాళ్లు. పసుపు, పచ్చ, గోధుమ.

హనుమండ్లు ముసలి చేత్తో రాళ్లన్నీ కదిలించి చూశాడు.

"గా జాజురాయి ఏదవ్వా? తెల్లగీతది?"

"ఆయినతోనే పోయింది" అన్నది అవ్వ.

"నేనెప్పుడొచ్చినా గది తీసి, నీళ్లు జల్లి, 'సూడు హనుమండ్లూ' అంటుండె. 'నూరరాదె, ఎర్రగ మంచిగొస్తది' అంటె నా మీదికే లేస్తుండె."

"ముప్పై ఏండ్లు నూరలేదు. 'గిది సూసెతందుకే' అంటుండె. అందుకే నేనే అయ్యగారి చేతుల పెట్టిన. నదిల రాయి ఎవలదైతె ఏంది, ఆయిన రాయి ఆయినతోనే పోనీ అని."

నేను లేచి పెరట్లోకి పోయి కక్కాను. గంగుబాయి నీళ్లు తెచ్చి ఇచ్చింది. పొద్దున తిన్న గట్క పడలేదని చెప్పాను.

7 నవంబరు

బాపు ఆ రాయిని చూసేవాడట. నూరకుండా. ఊరికే.

నాకెందుకు చూపలేదు? నేను ఎన్నడైనా ఆ సంచి దగ్గరికి పోతే కదా.

11 నవంబరు

ఎల్లమ్మ కళ్లు తెరిచాను. అవ్వ తల స్నానం చేసి కొబ్బరికాయ కొట్టింది. హనుమండ్లు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. రెండు నల్ల చుక్కలు. అంతే పని. అయినా కుదరలేదు. ఎడమ కన్ను కొంచెం కిందికి జారింది. ఎల్లమ్మ ఇప్పుడు నన్నే చూస్తున్నట్టు ఉంది, అదీ మంచి చూపు కాదు. హనుమండ్లు "సల్లగుండు బిడ్డా" అని పటం చుట్టుకుని పోయాడు.

అవ్వ గోడ మీద పరమాన్నం పెట్టింది. పొద్దుగూకేదాకా కూర్చుంది. పిట్ట ముట్టలేదు.

"ఇంకేం కోరిక ఉన్నదయ్యా నీకు?" అని గోడను అడిగింది.

25 నవంబరు

యుద్ధం ఆగిందట. జవానును గోడ మీది నుంచి తీయవద్దన్నాడు హెడ్మాస్టరు. రక్షణ నిధికి సంక్రాంతి దాటాక కరీంనగరంలో రెండు జిల్లాల మాస్టర్ల బొమ్మల ప్రదర్శన పెడతారట. నన్ను కూడా పంపమన్నాడు.

నా బొమ్మ నడవడం లేదు. ఎరుపు రాలేదు. సీసాల్లో వచ్చే ఎరుపు జడ రిబ్బను ఎరుపు. నలుపు కలిపితే ఎండిన నెత్తురు, పసుపు కలిపితే మిరప్పొడి. ఆరుసార్లు గీకి మళ్లీ పూశాను. పక్కన రాయి తడిగా పెట్టుకున్నాను. అది నన్ను చూసి నవ్వినట్టుంది.

గంగుబాయి వచ్చి నిలబడి, "ఆమె గట్ల ఎండుకపోతుంటె నీకు బొమ్మలెట్ల సాగుతయయా?" అన్నది.

సాగడం లేదని చెప్పబోయి, మళ్లీ గుడ్డ గీకడం మొదలుపెట్టాను.

29 నవంబరు

నూరాను. ఒక్క అంచు మాత్రమే.

30 నవంబరు

అంతా రాస్తాను. బాపు సాన తెచ్చాను. రాయి కింది అంచును నీళ్లతో సాన మీద రుద్దాను. అది జాజు, మెత్తగా వచ్చింది. బాపు రాయి అంటే నా రాయే కదా, కొడుక్కు రాక ఎవరికి వస్తుంది అని చెప్పుకున్నాను. పది రోజులు ఆ రాయే బాపు అన్న అయ్యగారి మాట కూడా గుర్తొచ్చింది. ఐనా చెయ్యి ఆగలేదు. చిప్పలో జిగురు కలిపాను. చింతగింజల జిగురే, నేనే ఉడికించాను. అంగీ నిండా వాసన.

గుడ్డ మీద పూస్తే ఎరుపు కూర్చుంది. ఒక్క పూతకే. వేలికి అంటింది సబ్బు పెట్టి కడిగినా పోలేదు. ఆ వేళ్లతోనే అన్నం తిన్నాను. నా అంత నీచుడు ఈ తాలూకాలో ఉండడు.

బొమ్మ మాత్రం వచ్చింది. పదకొండేళ్లలో మొదటిది.

8 డిసెంబరు

అవ్వ బావి దగ్గర కళ్లు తిరిగి పడింది. వైద్యుడు రెండు పూటలా తినాలన్నాడు. ఆమె తల ఊపి, ఇంటికి వచ్చి మళ్లీ ఒక్కపూటే తిన్నది.

9 డిసెంబరు

పొద్దున అవ్వ గోడ మీద ముద్ద పెట్టి ముఖం కడుక్కోవడానికి పోయింది. నేను గబగబా పోయి ముద్దలో సగం తీసి పక్కింటి కుక్కకు వేశాను. "అవ్వా, పిట్ట ముట్టింది! నేను సూసిన!" అని కేక వేశాను.

ఆమె ఉరికి వచ్చింది. అంత బలం ఎక్కడిదో. విస్తరాకు మీదికి వంగి చూసింది. చాలాసేపు చూసింది.

"పిట్ట తింటె మెతుకులు చెదురుతయి కొడుకా. గిది చెయ్యి తీసిన ముద్ద" అన్నది.

నాలుగు వేళ్ల గుర్తులు మెత్తటి అన్నం మీద అచ్చం పడి ఉన్నాయి. రాయిలో గీతలు చూస్తానట నేను. కాకి ఎట్లా తింటుందో ఎన్నడూ చూడలేదు.

"నువ్వు నాకు ఎందుకు అబద్ధమాడినవ్?" అని అడిగింది. కోపంగా కాదు, తెలుసుకుందామని.

నేను బడికి ఆలస్యమవుతున్నదని వెళ్లిపోయాను. ఇవాళ ఆదివారం.

16 డిసెంబరు

బొమ్మ అయిపోయింది. తెగిన గీత నడుమ ఖాళీ అట్లాగే ఉంది. దీన్ని మించి నేను వేయలేను. పంపకూడదని అనుకున్నాను. పంపాను.

రాయిని మళ్లీ డబ్బాలో వేసి పైన మిగతావన్నీ పోశాను. అవ్వ నన్ను చూసే చూపు మారింది.

20 జనవరి 1963, కరీంనగరం

బస్సులో దుమ్ము తిని వచ్చాను. హాలు నిండా జవాన్లే. నలభై తుపాకులు, అన్ని తుపాకులకూ ఒకటే మీసం. నా బొమ్మను నడుమ గోడకు పెట్టి ముందు దండ వేలాడదీశారు. ఎందుకో అర్థం కాలేదు.

ఒక ఆఫీసరు వచ్చి, దాని ముందు నిలబడి, గొంతు సవరించుకున్నాడు. "చూడండి, ఇది మన హిమాలయ సరిహద్దు. ఈ తెల్లగీత మంచు. తెగినచోట శత్రువు చొరబడ్డాడు. ఈ ఎరుపు మన వీరుల రక్తం. తెలంగాణా మూల ఒక డ్రాయింగు మాస్టరుకు ఎంత దేశభక్తి!"

చప్పట్లు. హెడ్మాస్టరు నా భుజం పట్టి ముందుకు తోశాడు. "మా అంబదాసు గారండీ, మా స్కూలేనండీ!"

అది మా బాపు రాయండీ అనాలి. అది సరిహద్దు కాదండీ, ముప్పై ఏళ్లు ఒకాయన నీళ్లు చల్లి చూసుకున్న జాజురాయండీ, నేను దొంగిలించి నూరి పూశానండీ అనాలి. మెడ వంచి దండ వేయించుకున్నాను. బంతిపూల వాసన. నమస్కారం కూడా పెట్టాను.

నిధి కోసం వేలం వేశారు. బియ్యం మిల్లు యజమాని ఒకాయన పాడుకున్నాడు. కొత్త ఇంట్లో ముందు గదికి బాగుంటుందట, సోఫాకు రంగు కలుస్తుందట. బాపు అంచు ఒకటి ఇప్పుడు సోఫా పైన ఉంటుంది.

రాత్రి లాడ్జిలో వేలు వాసన చూసుకున్నాను. చింతగింజలు.

22 జనవరి

ఇంటికి వచ్చేసరికి పెరట్లో నా రాళ్లన్నీ చాప మీద పరచి ఉన్నాయి. అవ్వ ఒక్కొక్కటీ చెంబులో ముంచి, చూసి, పక్కన పెడుతున్నది. నేను అబద్ధం ఎందుకు ఆడానో వెతికింది. చదువు రాదని ఎగతాళి చేసి రాశాను. ఆమెకు ఈ పుస్తకం అక్కరలేకపోయింది.

ఎర్రరాయి ఆమె ఒళ్లో ఉంది. తడిగా ఉంది. కింది అంచు నున్నగా, సాన మీద అరిగి, వంకరగా.

నేను ఎదురుగా కూర్చున్నాను. ఆమే మాట్లాడింది.

"నదిల ఎయ్యలేదా?"

"లేదు."

"ఎందుకు?"

"మంచిగుండె అవ్వా. నీళ్లు పోస్తుంటె మంచిగుండె. ఎయ్యబుద్ధి కాలే."

తల ఊపింది. బొటనవేలితో అరిగిన అంచును తడుముతూ ఉంది. వేలు ఎర్రగా అయింది.

"ముప్పై ఏండ్లు ఆయిన దీన్ని సాన మీద పెట్టలే. రంగు లేక పటం ఆగినొద్దు గూడ పెట్టలే. ఆకలైనొద్దు గూడ. నువ్వు నూరినవా?"

"నూరిన."

"ఛీ" అన్నది.

నేను పుట్టిన ముప్పై నాలుగేళ్లలో అవ్వ ఎన్నడూ నన్ను ఆ మాట అనలేదు. గంగుబాయి లోపల్నుంచి వచ్చి గుమ్మంలో ఆగిపోయింది. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది. బాపు పోయిన రోజు కూడా అట్లా ఏడవలేదు. నేను నూరిందెక్కడ పోయిందని అడిగింది. చెప్పాను. మిల్లు యజమాని, సోఫా, హిమాలయాలు, అంతా.

"ఇగ గది రాదు. మిగిలిందన్న పోనీ. రేపు పొద్దుగాల్ల పోదాం" అన్నది.

నేను ఏమన్నానో ఇక్కడ రాయాలి, ఎందుకంటే అదే నేను. "ఇంకొక్క వారం ఆగుదామా అవ్వా" అన్నాను. ఇంకో బొమ్మ వేసుకోవచ్చునని. ఆమె నా ముఖం వంక చూసింది. రాయిని కొంగున మూట కట్టుకుని లోపలికి పోయింది.

23 జనవరి

తెల్లవారుతుండగా గోదావరికి పోయాం. అవ్వ, నేను. ఆమె ఒక్కోచోట ఆగి నా భుజం పట్టుకుంది. నిన్న ఛీ అన్న మనిషి. ఆ చెయ్యి బరువే లేదు.

నది ఇప్పుడు సన్నబడింది. నీళ్లు అద్దంలా ఉన్నాయి, అడుగున ఇసుక రేణువులు కూడా లెక్కపెట్టవచ్చు. మోకాలి లోతుకు పోయాను. చలికి కాళ్లు కొంకర్లు పోయాయి. నేను దిగేముందే అవ్వ కొంగు విప్పి రాయిని నా చేతికిచ్చి, ఒడ్డున నీళ్లకు వీపు పెట్టి నిలబడింది. అయ్యగారు లేడు. మంత్రం లేదు.

కాలి కింద వేరే రాళ్లున్నాయి. ఉన్నాయని చూసుకున్నాను కూడా. ఇది రాయకుండా ఉండలేను.

భుజం మీది నుంచి వెనక్కి వేశాను. దాన్నే వేశాను. చప్పుడు వినిపించింది. ఒడ్డు వైపు నాలుగు అడుగులు వేశాను.

తిరిగి చూశాను.

దూరం పోలేదు. మోకాలి లోతులోనే పడింది. ఇసుక మీద, అరిగిన అంచు కిందికి పోయి, తెల్లగీత పైకి వచ్చి ఉంది. దాని చుట్టూ సన్నగా ఎర్రటి పొగలాగా లేచి నీళ్లలో కలిసిపోతున్నది. ఇంత ఎరుపు నా చేతిలో ఉన్నప్పుడు ఎన్నడూ లేదు. నాలుగు అడుగులు వెనక్కి వేసి వంగితే అందుతుంది. నిలబడిపోయాను.

"సూసినవా?" అన్నది అవ్వ, అటే తిరిగి ఉండి.

"లేదవ్వా."

"అబద్ధం. మీ బాపైతె సూస్తుండె" అన్నది.

నేను ఉత్త చేతులతో ఒడ్డుకు వచ్చేదాకా ఆగి, నా భుజం పట్టుకుంది. ఇంటికి వచ్చాం. గంగుబాయి జొన్న గట్క వండింది. అవ్వ ఒక ముద్ద తీసి గోడ మీద పెట్టి వచ్చింది. కూర్చుని చూడలేదు. పీట వాల్చుకుని పొద్దున్నే తిన్నది, సాయంత్రం మళ్లీ తిన్నది.

గోడ మీది ముద్ద ఇంకా అట్లాగే ఉంది. పిట్ట ముట్టలేదు.